మూడో కుర్చీ

బస్సులో ఇంజను పక్క సీటును ఎవరూ కోరి కూర్చోరు. అందులోనూ మండుటెండలో. ఇంజను మూత మీద పరిచిన రెగ్జిన్ మాడి పెచ్చులూడి ఉంటుంది. దాని మీద సంచి పెడితే దిగేటప్పటికి సంచిలోని అరటిపళ్ళు ఉడికి ఉంటాయి. రోడ్డు చూడటం నాకు అలవాటు కాబట్టి నేనెప్పుడూ దాని వెనక వరసలో కూర్చుంటాను. ఆ రోజు నాకంటే ముందే ఒక మనిషి ఆ ఇంజను పక్క సీటులో కూర్చుని ఉన్నాడు. బస్సు సగం ఖాళీ.

ఒంటి మీద నల్లటి ప్లాస్టిక్ చొక్కా, దాని మీద ఉన్ని స్వెట్టరు, దాని మీద వానకోటు, నెత్తిన చెవులు మూసే టోపీ. టోపీ కింద ఏదో ఉండలా పైకి పొడుచుకొచ్చి ఉంది. గుండెల దాకా గడ్డం. కిటికీ అద్దం పూర్తిగా మూసేసుకున్నాడు. చూయింగ్ గమ్ నములుతూ మధ్యమధ్యలో ఒక ఖాళీ సీసా ఎత్తి అందులోకి శ్రద్ధగా ఉమ్ముతున్నాడు.

చలిజ్వరం అనుకున్నాను. నా నీళ్ళ సీసా మూత తీసి ముందుకు చాపాను. అతను కళ్ళు గట్టిగా మూసుకుని మొహం తిప్పుకున్నాడు.

"నీళ్ళు చూపించకండి మాస్టారూ," అన్నాడు నా పక్కన కూర్చున్న పెద్దమనిషి. ఇస్త్రీ నలగని తెల్లచొక్కా, ఒళ్ళో తోలు సంచి, నున్నగా గీసిన గడ్డం. నా చేతిలో పుస్తకం చూసి మాస్టారు అనుకున్నట్టున్నాడు. "చూసినా బరువు పెరుగుతానని అతని అనుమానం."

"ఏం జబ్బండీ?"

"జబ్బు కాదు. ఉద్యోగం."

సీసా సంచిలో దాచేశాను. పెద్దమనిషి కుదురుగా సర్దుకున్నాడు. చెప్పడానికి ఏదో ఉన్నవాళ్ళు ముందు సంచి సర్దుకుంటారు.

"మా అల్లుడు. బోనులో కొట్టుకుంటాడు. ఇద్దర్ని పెట్టి తలుపేస్తారు. గుద్దొచ్చు, తన్నొచ్చు, ఎత్తి పడేయొచ్చు, మెడ బిగించొచ్చు. కరవకూడదు, జుట్టు పీకకూడదు. ఇక చాలనుకున్నవాడు చేత్తో తడితే వదిలేస్తారు. ఎంఎంఏ అంటారు. టీవీలో చూసే ఉంటారు."

చూశానన్నాను. నిజానికి హోటళ్ళలో కాఫీ తాగుతూ చూశాను, శబ్దం లేకుండా. శబ్దం లేకపోతే ఇద్దరు మనుషులు ఒకే చొక్కాలో దూరడానికి తంటాలు పడుతున్నట్టుంటుంది.

"మరి ఈ స్వెట్టర్లు?"

"పోటీ రేపు సాయంత్రం. తూకం ఇవాళ సాయంత్రం ఐదింటికి. అరవై ఒక్క కిలోలు దాటకూడదు. మామూలుగా డెబ్భై ఉంటాడు. తూకం దాకా ఒంట్లో నీళ్ళన్నీ పిండేసుకుని, తూగి, రేపటికల్లా మళ్ళీ తాగి నింపుకుంటాడు. అవతలివాడూ అదే చేస్తాడు. ఇద్దరూ మానేస్తే ఇద్దరికీ సుఖమే. నేను చెప్పాను. వింటే కదా."

అల్లుడు మా వైపు తిరక్కుండానే సీసాలోకి ఉమ్మాడు. మాట్లాడితే నోరెండుతుంది, నోరెండితే ఉమ్మి ఊరదు. కనుక అతని జీవితచరిత్ర యావత్తూ అతని సమక్షంలోనే అతని మామగారు చెప్పారు. పొరపాటు దొర్లినప్పుడు మాత్రం అతను వేళ్ళతో దిద్దాడు. నేను చదివిన జీవితచరిత్రల్లో చాలావాటికి ఈ సౌకర్యం లేదు.

మొదట్లో అతను ఫర్నిచర్ షాపులో మోతపని చేసేవాడు. ఇనుప బీరువాను ఒక్కడే వీపుకి కట్టుకుని మూడంతస్తులు ఎక్కించేవాడట. ఎక్కించడం గొప్ప కాదు, మెట్ల మలుపు దగ్గర తిప్పడం గొప్ప. బీరువాతో బలం చూపిస్తే అది గోడకో మనిషికో తగులుతుంది. దాని బరువు ఎటు పోవాలనుకుంటుందో అటు కొంచెం పోనిచ్చి, పోతున్నప్పుడు తిప్పాలి. ఒకసారి ఒక కుస్తీ జిమ్ముకి బీరువా తీసుకెళ్ళాడు. అక్కడి కోచ్ మలుపు దగ్గర ఇతని కాళ్ళు చూసి, రేపటి నుంచి రమ్మన్నాడు. ఇతను చాపలు మొయ్యడానికి అనుకుని వెళ్ళాడు. మొదటి నెల చాపలే మోశాడు కూడా.

"మొదటి పోటీ ఒక కార్ల షోరూమ్ తెరిచినప్పుడు. పక్కన కొత్త కార్లు, మధ్యలో బోను. గెలిచాడు. అప్పుడే ఓడిపోయుంటే ఈపాటికి బాగుపడేవాడు," అన్నాడు మామగారు. "పన్నెండేళ్ళలో ఏడు గెలిచాడు, తొమ్మిది ఓడాడు. ఒకటి కరెంటు పోయి ఆగిపోయింది."

ఇంజను పక్క నుంచి ఎనిమిది వేళ్ళు లేచాయి.

"ఎనిమిదట. ఒకసారి అవతలివాడు రాలేదు. అదీ గెలుపే వీళ్ళ లెక్కలో."

ఎనిమిది వేళ్ళూ దిగి, ఒకటి మళ్ళీ లేచింది.

"అవును, ఆ కరెంటు పోయినది కూడా తనదే అయ్యేదట. దీపాలు వచ్చేసరికి ఇద్దరూ చెరో మూల కూర్చుని ఉన్నారు, నేను చూశాను."

నా తిరుగుడులో బలవంతుల్ని చాలామందిని చూశాను. పళ్ళతో లారీ లాగినవాణ్ణి ఒకణ్ణి చూశాను. కొన్నేళ్ళ తర్వాత అతనే పళ్ళు కట్టించుకోవడానికి వరసలో నిలబడి ఉండటమూ చూశాను. బలం మీద బతికేవాళ్ళందరికీ ఒకే చిక్కు: మానెయ్యాల్సిన రోజు ఏదో ఇంట్లోవాళ్ళకి ముందు తెలుస్తుంది. ఈ ఇంట్లో దానికి ఒక కుర్చీ కూడా కొని ఉంచారు.

మామగారిది క్షౌరశాల. ఆయన సెలూన్ అనడు, "షాపు" అంటాడు. ఎప్పటి నుంచో రెండు కుర్చీలు. ఒక రోజు ఈ మనిషి కనుబొమ చీరుకుపోయి నెత్తురు కారుతూ లోపలికొచ్చాడు. డాక్టరు లేడు, ఇక్కడ పటిక ఉంటుందని వచ్చానన్నాడు. ఈయన పటిక ఒత్తుతుంటే, పక్కనే రక్తపరీక్షల ల్యాబులో పనిచేసే కూతురు తొంగిచూసి, "కుట్లు పడాలి నాన్నా, అది గడ్డం గాటు కాదు," అంది. కుట్లు వేయించడానికి తనే తీసుకెళ్ళింది. ఆ తర్వాత అతనికి చాలాసార్లు రక్తపరీక్షలు అవసరమయ్యాయి. ఒంట్లో ఏ లోపమూ లేదని తేలాక పెళ్ళి చేసుకున్నారు.

"పెళ్ళయిన వారానికే మూడో కుర్చీ కొన్నాను. కాలితో తొక్కితే లేస్తుంది. మీట నొక్కితే వెనక్కి పడుకుంటుంది. ఆరేళ్ళయింది. కస్టమర్లు దాని మీద పేపర్లు పెట్టుకుంటున్నారు. పని నేర్పాను. చెయ్యి మంచిది, మాస్టారూ. అంత మొరటు చెయ్యి అంత తేలిగ్గా కత్తి పడుతుందని నేననుకోలేదు. నా మోకాళ్ళా, నిలబడనివ్వట్లేదు. ఇంకెన్నాళ్ళు?"

"ఆయనేమంటారు?"

"వచ్చే పోటీ తర్వాత అంటాడు. ఈసారి మాత్రం మా అమ్మాయి మధ్య పడింది. పోయినసారి నిమ్మకాయంత బరువెక్కువ తూగి పోటీ పోగొట్టుకున్నాడు. ఇంకోసారి ఎక్కువ తూగితే మా గడప తొక్కకు అన్నారు వాళ్ళు. తూగి, గెలిస్తే ఏడాది ఒప్పందం ఇస్తామన్నారు. దాంతో మా అమ్మాయి, 'తూగి గెలిస్తే వెళ్ళు, నేను అడ్డు రాను. తూగకపోయినా, ఓడినా సోమవారం నుంచి కుర్చీ' అంది. సరేనన్నాడు."

"మరి మీకేం కావాలి?"

ఆయన అల్లుడి టోపీ వైపు చూశాడు.

"ఆ టోపీ కింద ఏముందో తెలుసా? కొప్పు. ఆడపిల్లకి కూడా అంతుండదు. ఆటలో అతని పేరే కొప్పు. జనం 'కొప్పూ, కొప్పూ' అని అరుస్తారు. రోజూ ఆ కొప్పుతో, ఆ గడ్డంతో నా షాపు ముందు నుంచి నడిచి వెళ్తాడు. ఆ అల్లుణ్ణి చూసి నా షాపులోకి ఎవడొస్తాడు? వంటవాడి ఇంట్లో పస్తులున్నట్టుంది నా బతుకు."

గడ్డం వెనకాల అల్లుడు నవ్వినట్టున్నాడు. గమ్ ఒక క్షణం ఆగింది.

డ్రైవరు భోజనానికి బస్సు ఆగింది. పెద్ద బస్టాండు. ఒక చివర పార్సిల్ ఆఫీసు, అందులో నేల మీద పరిచిన తూకం. అల్లుడు ముందే లెక్క వేసుకున్నట్టుంది. దిగి, టోపీతో సహా కోట్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి విప్పి మామగారి చేతుల్లో పెట్టి, నిక్కరుతో కౌంటరు ముందు నిలబడ్డాడు.

గుమాస్తా తలెత్తాడు. "ఏం పంపాలి?"

"ఇతన్నే," అన్నాడు మామగారు.

"ఎక్కడికి?"

"ఎక్కడికీ వద్దు. బరువు చెప్పండి చాలు."

"అడ్రసు లేకుండా తూచకూడదు."

"అడ్రసు ఉంది. మా ఇల్లు. కాకపోతే అక్కడి నుంచే వస్తున్నాం."

గుమాస్తా మనిషిని పైకీ కిందికీ చూశాడు. చెవులు ముడుచుకుపోయి కాలీఫ్లవరులా ఉన్నాయి, ముక్కు రెండుచోట్ల మలుపు తిరిగి ఉంది.

"పగిలే సామానా?"

"పగిలినదే."

గుమాస్తాకి పొద్దున్నుంచీ ఎవరూ ఇంత సూటిగా జవాబు చెప్పి ఉండరు. ఎక్కమన్నాడు. ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలబడ్డాయి. అరవై ఒకటి మీద ఎనిమిది వందల గ్రాములు.

పొద్దున షాపులోని తూకం మీద ఇతను అరవై ఒకటిన్నర ఉన్నాడు. దారంతా ఇంజను పక్కన చెమటోడ్చాడు. చెమటోడ్చి బరువు పెరిగిన మనిషి లోకంలో ఇతనొక్కడే అయి ఉండాలి.

"మీ తూకం తప్పు," అన్నాడు మామగారు.

గుమాస్తా నొచ్చుకున్నాడు. ఇనుప రాయి ఒకటి తెచ్చి పెట్టాడు. ఇరవై అని రాసి ఉన్న రాయి ఇరవయ్యే తూగింది. "ఇది ప్రభుత్వ ముద్ర పడ్డ తూకం. మీది ఎక్కడిది?"

మామగారిది షాపు మూలలో ఉంటుంది. వచ్చినవాళ్ళు కటింగుకి ముందు ఎక్కుతారు, తర్వాత ఎక్కుతారు, నవ్వుకుంటారు. ఆయన కూతురికి ఫోన్ చేశాడు. ల్యాబు నుంచి పక్కనున్న షాపులోకి వెళ్ళమన్నాడు. ఫోన్ అందరికీ వినపడేలా పెట్టాడు. తలుపు చప్పుడు, తూకం నేల మీద జరిగిన చప్పుడు, దాన్ని తిరగేసిన చప్పుడు.

"నాన్నా."

"చెప్పమ్మా."

"దీని కింద దిండు కుట్టుకునేంత జుట్టుంది. పలక కిందికి దిగడానికి చోటు లేదు. ఎప్పుడన్నా దీని కింద ఊడ్చావా?"

"చుట్టూ ఊడుస్తానమ్మా."

"చుట్టూ ఊడిస్తే చుట్టూ బాగుంటుంది. ఎంతుంది ఎక్కువ?"

"ఎనిమిది వందలు."

"తనకివ్వు ఫోను."

అల్లుడు ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు. అలాగే అందరికీ వినపడుతూనే ఉంది.

"విను. తలతిరిగితే ఆపెయ్. కళ్ళ ముందు నల్లగా వస్తే ఆపెయ్. అది తప్ప ఇంకేం చేసినా నాకు అభ్యంతరం లేదు. మన మాట మాటే."

"ఊఁ," అన్నాడు అల్లుడు. ఆ ప్రయాణంలో అతని నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది.

ఫోన్ తిరిగిచ్చి, మామగారి వైపు చూశాడు. మామగారి వైపు కాదు, ఆయన చంకలోని తోలు సంచి వైపు. ఆ సంచిలో ఏముందో ఆయన బస్సులోనే నాకు చెప్పాడు. పోటీల్లో అల్లుడి గాయాలకి పటిక, వాజలీన్, దూది. వాటి కింద ఆయన కత్తి, కత్తెర, ట్రిమ్మరు. కత్తి లేకుండా ఆయన ఊరు దాటడు.

అల్లుడు కొప్పు ముడి విప్పాడు. జుట్టు నడుం దాకా పడింది. పక్కనున్న చెక్కపెట్టె ఒకటి లాక్కుని దాని మీద కూర్చుని మెడ వంచాడు.

"ఆరేళ్ళు బతిమాలాను," అన్నాడు మామగారు. "ఇప్పుడా?"

"ఇప్పుడే."

ఆయన సంచిలోంచి తెల్లగుడ్డ తీసి దులిపి అతని మెడ చుట్టూ కట్టాడు. కట్టిన పద్ధతి చూస్తే అది బస్టాండు అని ఆయన మరిచిపోయినట్టుంది. ముందు కత్తెరతో జుట్టు కోసి కాగితం మీద పెట్టాడు. తర్వాత ట్రిమ్మరుతో మిగిలిన జుట్టూ, గడ్డమూ. తర్వాత కత్తి తీసి, నీళ్ళ కోసం చుట్టూ చూశాడు.

"నీళ్ళు వద్దు," అన్నాడు అల్లుడు. "తల తాగేస్తుంది."

"తల నీళ్ళు తాగదు, అల్లుడూ."

"వద్దు మామయ్యా."

"పొడిగా గీస్తే తెగుతుంది."

"తెగకుండా గియ్యండి."

మామగారు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. బస్సు హారన్ మోగింది. డ్రైవరు మమ్మల్ని తిట్టడానికి వచ్చి, చూసి, తిట్టకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మాస్టారూ," అన్నాడు మామగారు నాతో, అతనికి వినపడేలాగే. "అక్కడ తూకానికి ముందు డాక్టరమ్మ ఉంటుంది. తల, మొహం, ఒళ్ళు అన్నీ చూస్తుంది. కొత్తగా తెగిన గాటు కనబడితే పోటీకి పంపదు. ఇప్పుడు నా చెయ్యి రవ్వంత జారితే చాలు. సోమవారం నుంచి నా పక్కన మనిషుంటాడు. నన్నెవరూ ఏమీ అనలేరు. పొడి తల, నిలబడలేని మోకాళ్ళు. అతనే అడిగాడు కదా అంటారు."

అల్లుడే అన్నాడు, వంచిన తల ఎత్తకుండా.

"తెలుసు."

"తెలిసే కూర్చున్నావా?"

"కత్తి పట్టింది మీరే కదా మామయ్యా."

ఆయన కాసేపు ఆ తల వైపు చూశాడు. ఆరేళ్ళ నుంచి కూరుకుపోయి కనబడని తల. తర్వాత బొటనవేలితో చర్మం సాగదీసి గీయడం మొదలుపెట్టాడు.

నేను చాలా ఊళ్ళలో గడ్డం గీయించుకున్నాను. రోడ్డు పక్క ఇటుక మీద కూర్చుని గీయించుకున్నాను, అద్దాల గదుల్లో గీయించుకున్నాను. కత్తి చప్పుడు బట్టి మనిషి సంగతి తెలుస్తుంది. ఈయన కత్తికి చప్పుడే లేదు. ఎక్కడ జుట్టు ఏ వైపు మొలిచిందో ముందు వేలితో తడిమి, ఆ తర్వాతే కత్తి ఆనించాడు. కనుబొమ మీది పాత కుట్ల దగ్గరకొచ్చినప్పుడు ఊపిరి బిగబట్టాడు. మా ముగ్గురితో పాటు డ్రైవరూ, గుమాస్తా, బస్సులోంచి దిగొచ్చిన పదిమందీ బిగబట్టారు. ఒక్క చుక్క నెత్తురు రాలేదు. చివర్న చెంప నిమిరి చూసి, తృప్తి లేక, మళ్ళీ కింది నుంచి పైకి గీశాడు.

"ఇక చాలు," అన్నాడు డ్రైవరు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నా చెంపలు కూడా కొంచెం..." అన్నాడు.

"బస్సు నడపండి," అన్నాడు మామగారు.

గుమాస్తా కాగితంలోని జుట్టునంతా ఉత్తరాలు తూచే చిన్న తూకం మీద పెట్టాడు. నూట తొంభై గ్రాములు. "దీన్నైనా బుక్ చేస్తారా?" అని అడిగాడు.

మిగిలిన దారంతా అల్లుడు మళ్ళీ కోట్లు తొడుక్కుని ఇంజను మూతని కావలించుకుని కూర్చున్నాడు. నేను పుస్తకం తెరిచాను కానీ, ఒకే పేజీలో ఉండిపోయాను. ముందు సీటులో ఆ గుండు చెమటతో మెరుస్తూ ఉంటే చదవడం కష్టం. నేను దిగాల్సిన ఊరు మధ్యలో వచ్చింది. దిగలేదు. అక్కడ నా కోసం ఎదురుచూసేది ఒక గ్రంథాలయం, అది ఎప్పుడైనా ఎదురుచూస్తుంది.

తూకం ఒక హోటల్ ఫంక్షన్ హాల్లో. వేదిక మీద తూకపు యంత్రం, పక్కన కుర్చీలో డాక్టరమ్మ, ఫోటోలు తీసేవాళ్ళు. డాక్టరమ్మ అతని తలని టార్చి లైటు వేసి చుట్టూ తిప్పి చూసింది. మళ్ళీ చూసింది.

"ఇవాళే గీయించుకున్నారా? ఎవరు గీశారు?"

"నేనేనమ్మా," అన్నాడు మామగారు.

"ఒక్క గాటు లేదే."

"ఉండదమ్మా," అన్నాడాయన, ఫిర్యాదు చేస్తున్నట్టు.

అల్లుడు తూకం ఎక్కాడు. వంద గ్రాములు ఎక్కువ. నిక్కరు కూడా విప్పమన్నారు. మామగారూ నేనూ చెరో కొస పట్టుకుని అడ్డంగా తువ్వాలు పట్టాం. అపరిచితుడికి ఇంత దగ్గరగా సాయపడే అవకాశం నాకు అంతకుముందు రాలేదు. నిక్కరు లేకుండా ఎక్కాడు. అంకెలు దిగాయి, కానీ అరవై ఒకటి మీద ఇంకా రెండు గ్రాములు. పక్కన నిలబడ్డ అధికారి పెదవి విరిచి చేతి గడియారం చూసుకున్నాడు. అల్లుడు కళ్ళు మూసుకున్నాడు. ఇక తీసెయ్యడానికి అతని ఒంటి మీద ఏమీ లేదు.

మామగారు తువ్వాలు పట్టుకునే అతని మొహంలోకి చూస్తున్నాడు. చూస్తూ చూస్తూ ఆయన మొహం మారింది. ఏదో కనబడిందని నాకు అర్థమైంది, అది చెప్పాలా వద్దా అని ఆయన ఆలోచిస్తున్నాడని కూడా. తువ్వాలు కొస ఆయన చేతిలో రెండుసార్లు నలిగింది.

"నోట్లో గమ్," అన్నాడు చివరికి, విసుగ్గా.

అల్లుడు కళ్ళు తెరిచి, గమ్ తీసి, పెట్టడానికి చోటు లేక ఆయన చేతిలోనే పెట్టాడు. అరవై ఒకటి. అధికారి అంకె పైకి చదివాడు.

ఆ తర్వాత అతను నీళ్ళు తాగాడు. సీసా రెండు చేతులతో పట్టుకుని, గుక్క గుక్కకీ ఆగి, నేల చూస్తూ తాగాడు. నేను గదిలోంచి బయటికొచ్చేశాను. మనిషి ఏడుస్తుంటే చూడకపోవడం మర్యాద అంటారు. ఇలా నీళ్ళు తాగుతున్నప్పుడు కూడా చూడకూడదనిపించింది.

మర్నాడు సాయంత్రం పోటీ. నన్ను రమ్మని ఎవరూ పిలవలేదు, పొమ్మనీ అనలేదు. మైకు పట్టుకున్నవాడు "కొప్పూ!" అని సాగదీసి అరిచాడు. లోపలికి నున్నటి గుండు నడిచొచ్చింది. జనం ఒక క్షణం ఆగి, తర్వాత నవ్వారు. మైకువాడు చేతిలో కాగితం మళ్ళీ చూసుకున్నాడు.

అవతలివాడికి ఇరవై రెండేళ్ళు. మొదటి రౌండంతా అతను ఇతన్ని కొట్టాడు. మామగారు బోను అంచున నిలబడి, "చెయ్యెత్తు, చెయ్యెత్తు" అని చెబుతూనే ఉన్నాడు. ఇతను చెయ్యి ఎత్తినప్పుడు కడుపులో, దించినప్పుడు మొహాన తగిలాయి. రౌండ్ల మధ్య విరామంలో ఆయన కనుబొమకి పటిక ఒత్తి, వాజలీన్ రాశాడు. కుర్చీ గురించి ఏదో అన్నాడు. అల్లుడు తలూపాడు.

రెండో రౌండులో ఆ కుర్రవాడు ఇతని తలని చంకలో ఇరికించుకుని మెడ బిగించాడు. మామగారు నా భుజం పట్టుకున్నాడు. "అయిపోయింది. ఓడిన తొమ్మిదింట్లో నాలుగు ఈ పట్టే. గడ్డం, కొప్పు అన్నీ అందులో చిక్కుకుపోతాయి. తడతాడు చూడండి." ఆయన గొంతులో బెంగ ఉందో, ఇంకేదన్నా ఉందో నేను తేల్చుకునే లోపు, ఆ తల బయటికి జారింది. తడిచేతిలోంచి సబ్బుబిళ్ళ జారినట్టు జారింది. కుర్రవాడి చేతులు ఏమీ లేని చోట గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. ఏమైందో అతనికి అర్థమయ్యేలోపు ఇతను అతని బరువుని అది పోతున్న వైపే కాస్త పోనిచ్చి, పోతుండగా తిప్పాడు. మెట్ల మలుపు. కింద పడ్డాక చెయ్యి ఒకటి దొరికింది, మెలిపెట్టాడు. కుర్రవాడు మూడుసార్లు తట్టాడు.

జనం లేచారు. మామగారు కూర్చున్నాడు.

"కింది నుంచి పైకి కూడా గీశాను మాస్టారూ," అన్నాడు చాలాసేపటికి. "ఒక్కసారే గీసి వదిలేస్తే గరుకు ఉండేది. చిక్కుకునేది."

"మరెందుకు గీశారు?"

"అది పని కదండీ," అన్నాడు.

ఒప్పందం మీద సంతకం ఆ హాల్లోనే అయింది. ఏడాది. మర్నాడే వాళ్ళ శిక్షణ కేంద్రానికి వేరే ఊరు వెళ్ళిపోవాలి. కూతురికి మామగారే ఫోన్ చేసి చెప్పాడు. ఆమె, "సరే. కనుబొమకి కుట్లు వేయించారా, పటికతోనే సరిపెట్టావా?" అంది.

మర్నాడు పొద్దున బస్టాండులో మళ్ళీ ముగ్గురమూ ఒకే బెంచీ మీద ఉన్నాం. అల్లుడి ఎడమ కన్ను మూసుకుపోయి ఉంది. అరటిపళ్ళు ఒకదాని తర్వాత ఒకటి తింటున్నాడు, ఎవరితోనూ పోట్లాడకుండా. అతనికి ఒక బస్సు, మామగారికి ఇంకొక బస్సు. నాకు ఏదైనా ఒకటే.

"ఇంటికెళ్ళి తూకం కింద ఊడవాలి," అన్నాడు మామగారు నాతో. "ఆ కుర్చీ మీద పేపర్లు పెట్టుకోకండర్రా అని ఒక అట్ట రాసి పెడదామనుకున్నాను పోయినవారం. ఇక ఎందుకు. పెట్టుకోనీ."

అల్లుడు తినడం ఆపాడు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. తల మీద అరచేయి వేసి ముందుకీ వెనక్కీ రుద్దుకున్నాడు. రెండు రోజులకే గరుకు మొలిచింది. లేచి వచ్చి, బెంచీ ముందు నేల మీద మామగారి మోకాళ్ళ దగ్గర కూర్చుని, ఆయనకి వీపు పెట్టి మెడ వంచాడు.

మామగారు ఆ తల వైపు చూశాడు.

"ప్రతి పోటీకీ నేను రావాలన్నమాట."

అల్లుడు మెడ ఇంకొంచెం వంచాడు.

"ఊరు ఊరూ తిరగాలన్నమాట, ఈ మోకాళ్ళతో."

"కూర్చుని గీయొచ్చు," అన్నాడు అల్లుడు.

ఆయన సంచి తెరిచి గుడ్డ తీశాడు. ఈసారి అల్లుడు నీళ్ళు పెట్టనిచ్చాడు. నా సీసాలోవే. అల్లుడు కళ్ళు మూసుకోలేదు. ఆయన నెత్తి మీది నుంచి మెడ దాకా గీసి, వేలితో తడిమి, మళ్ళీ కింది నుంచి పైకి గీశాడు. గీస్తూ నాకు చెబుతూనే ఉన్నాడు: తల వెనక ఈ సుడి ఉన్నవాళ్ళు మొండివాళ్ళనీ, తన కస్టమర్లలో ఒక మేజిస్ట్రేటుకి కూడా ఇదే సుడి ఉందనీ, ఆయన ఇచ్చిన తీర్పులు ఎన్ని పైకోర్టులో నిలబడలేదో. మెడ మీది ఆఖరి గీత గీసి, కత్తి తుడిచి, గుడ్డ విప్పి పక్కకి తిరిగి రెండుసార్లు దులిపాడు.

"అలా ఇంకో మనిషికి కూడా సుడి ఉండేది, మాస్టారూ," అంటూ ఇటు తిరిగాడు.

అల్లుడు అప్పటికే ప్లాట్‌ఫారం చివర ఉన్నాడు. భుజాన సంచి, ఒక చెయ్యి నెత్తి మీద. బస్సెక్కి, ముందు వైపు ఎన్నో సీట్లు ఖాళీగా ఉన్నా, వెనక్కి నడిచి, ఇంజనుకి వీలైనంత దూరంగా కూర్చుని కిటికీ అద్దం పూర్తిగా తెరిచాడు. మా వైపు చూడలేదు. బస్సు కదిలింది.